మాస్టారి నోట్లో గుండుసూదులు

నోరు ఖాళీగా ఉంటే చాలు, టైలరు మాస్టారి పెదాలు కదులుతూనే ఉంటాయి. బొత్తం కుడుతున్నా, బస్సు కోసం నిలబడినా, లోపల దేవుడి నామం నడుస్తూనే ఉంటుంది. పైకి అది వినపడీ వినపడనట్టు, ఏ మూలో తేనెటీగ తిరుగుతున్నట్టు ఉంటుంది. వీధిలో అందరూ ఆయన్ని జపం మాస్టారంటారు. మనుషులు మనుషులకు పెట్టే పేర్లలో ఇది నయమే కదా అని ఆయన కూడా ఊరుకున్నారు.

అలాంటి మనిషి హోమ్ థియేటర్ కొన్నారని తెలిసి బావమరిది నోరెళ్లబెట్టాడు. అతను కరెంటు పనివాడు. వైరు చుట్ట భుజాన వేసుకుని వస్తూనే, "అక్కా, బావకి ఒంట్లో బాగానే ఉందా?" అని గుమ్మంలోంచే అడిగాడు.

"ఒళ్లు బాగానే ఉంది. కూతురి మీద ప్రేమ ముదిరింది" అంది ఆవిడ.

మాస్టారి కూతురు సినిమాలకు చప్పుళ్లు చేస్తుంది. తెర మీద మనిషి నడిస్తే అడుగుల చప్పుడు, తలుపు తీస్తే కిర్రుమనడం, గిన్నె మీద మూత పడటం, ఇలాంటివన్నీ ఒక గదిలో కూర్చుని మళ్లీ పుట్టించి రికార్డు చేయడం ఆమె ఉద్యోగం. కిందటిసారి ఆమె పనిచేసిన సినిమాని ఇంట్లో టీవీలో చూసి మాస్టారు, "సంగీతం చాలా బాగుందమ్మా" అన్నారు.

"అది నేను కాదు నాన్నా" అంది కూతురు నవ్వుతూ.

నవ్వింది గానీ, ఆ తర్వాత ఆ సినిమా మాటే ఎత్తలేదు. చొక్కా కాలర్లో మర్చిపోయిన సూదిలా ఆ నవ్వు మాస్టారిని గుచ్చుతూనే ఉంది. పిల్ల కష్టపడి చేసిన పని కన్నతండ్రి చెవిన పడలేదు. పడిందని బొంకుదామంటే ఆయనకు నోరు రాదు. ఈ ఆదివారం కొత్త సినిమా పట్టుకుని వస్తానంది. ఈసారి పిల్ల పని తన చెవులతో విని, విన్నది విన్నట్టు చెప్పాలి. అందుకే ఇంత హడావుడి.

బావమరిది స్పీకర్లు బిగించాడు. టీవీ కింద ఒకటి, దానికి చెరో పక్కా ఒకటి, వెనక గోడకు రెండు. వీటన్నిటికీ చప్పుడు పంచిపెట్టే రిసీవర్ పెట్టెను టీవీ బల్ల మీద పెట్టాడు. మోత మోగించే సబ్‌వూఫర్‌ని మూలకు తోశాడు. ఏ స్పీకరు ఎంత దూరంలో ఉందో పెట్టెకు చెప్పాలనగానే మాస్టారు మెడలోని టేపు తీసి, తన కుర్చీ నుంచి ఒక్కోదాన్నీ కొలవడం మొదలెట్టారు.

"కొలతలు తీసుకుంటున్నావు, స్పీకర్లకి జాకెట్లు కుడతావా బావా?"

"నీ నోటికి ఒకటి కుడితే బాగుండు."

కొలతలు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. తీరా సినిమా పెట్టి చూస్తే, మూలనున్న సబ్‌వూఫర్ కడుపునొప్పి వచ్చిన ఎద్దులా మూలిగింది. వంటింట్లో గరిటెలు గలగలలాడాయి. తెర మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు గానీ, పక్కింటి గోడ అవతల కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుంది.

"పెట్టెతో పాటు చిన్న మైకు ఇచ్చారు బావా. దాన్ని నువ్వు కూర్చునే చోట చెవి ఎత్తున పెట్టాలి. పెట్టె ఒక్కో స్పీకర్లోంచి చప్పుడు వదులుతుంది. మైకు విన్నదాన్ని బట్టి ఏది పెంచాలో ఏది తగ్గించాలో అదే సర్దుకుంటుంది."

చెవి ఎత్తున పెట్టడానికి ఏమీ దొరకలేదు. మాస్టారు దుకాణంలోంచి బట్టలు తొడిగే బొమ్మను మోసుకొచ్చి, కుర్చీ జరిపి ఆ చోట నిలబెట్టి, పొడవు తగ్గించి, మెడ మీద మైకు పెట్టి జిగురు టేపు అతికించారు.

"తల లేనిదానికి చెవులు పెట్టారు" అంది భార్య.

మీట నొక్కారు. ముందు స్పీకరు బుస్సుమంది. వెంటనే టీవీ మీద అక్షరాలు వచ్చాయి. గదిలో గోల ఎక్కువగా ఉంది, నిశ్శబ్దం చేసి మళ్లీ ప్రయత్నించండి.

ఫ్యాను ఆపారు. మళ్లీ అదే. ఫ్రిజ్ ఆపారు. గోడ గడియారాన్ని తీసుకెళ్లి పక్కగదిలో దుప్పట్లో చుట్టారు. అయినా అదే. బావమరిది అక్క గాజుల వైపు అనుమానంగా చూశాడు. ఆవిడ అతని చెప్పుల వైపు చూసింది. అతను చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడేదాకా నిలబడ్డాడు. పెట్టె మాత్రం గోల గోల అంటూనే ఉంది.

"ఇంట్లో మన కంటికి కనపడని వాళ్లెవరో ఉన్నారు బావా" అని, ఎవరింట్లోనో ఫ్యూజు పోయిందని ఫోను వస్తే అతను వెళ్లిపోయాడు.

మాస్టారు కుర్చీ అంచున కూలబడ్డారు. తెల్లారితే ఆదివారం. మనసు బరువెక్కేకొద్దీ పెదాల వేగం పెరిగింది. 'ఈ ఒక్కసారికి పనయ్యేటట్టు చూడు తండ్రీ' అనుకుంటూ మళ్లీ మీట నొక్కారు. మళ్లీ గోలే.

భార్య తలుపు దగ్గర నిలబడి ఆయన్నే చూస్తోంది. పెళ్లయిన నాటి నుంచీ ఆ గొణుగుడు మధ్యే కాపురం చేసింది. కుళాయి చప్పుడులా అలవాటైపోయి, చాలా ఏళ్లుగా అది ఆవిడ చెవికే ఎక్కడం లేదు. ఇప్పుడు ఇల్లంతా చీమ నడిస్తే వినపడేటంత నిశ్శబ్దంగా ఉంటే, ఒక్కసారిగా వినపడింది.

"ఏవండీ" అంది నెమ్మదిగా. "ఆ గోల మీరే."

మాస్టారు తెల్లబోయారు. "నేనా? నేనేమన్నానే?"

"ఇదిగో, ఇప్పుడు కూడా అంటున్నారు."

నిజమే. మాట ఆపినా పెదాలు ఆగలేదు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. చేతి వెనక కూడా నామం నడుస్తూనే ఉంది. పని కావాలని వేడుకుంటుంటే ఆ వేడుకోలే పనికి అడ్డం పడిందా? ఇదేం తిరకాసు? దేవుడికి వినపడాలని కదా అనుకునేది, యంత్రానికి వినపడమన్నదెవరు?

"ఆపుదామంటే ఆగడం లేదే. పైగా చేజేతులా ఆపితే తప్పు కదూ?"

"మీరు లంగా అంచు మడతలు పెట్టేటప్పుడు నోట్లో వరసగా గుండుసూదులు పెట్టుకుంటారు చూడండి. అప్పుడు మీ నోటి నుంచి ఒక్క అక్షరం రాదు. ఇన్నేళ్లలో ఆ దేవుడు ఎప్పుడన్నా అలిగాడా?"

ఆ మాటతో మాస్టారికి ఎందుకో హాయిగా అనిపించింది. సూదుల డబ్బీ తెచ్చుకుని, గుండ్లు బయటికి ఉండేటట్టు పెదాల మధ్య వరసగా బిగించి, మీట నొక్కారు.

ముందు స్పీకరు బుస్సుమంది. తర్వాత పక్కది, దాని తర్వాత వెనకది. చివర మూలనున్న ఎద్దు మూలిగింది. టీవీ మీద అక్షరాలు వచ్చాయి. కొలత పూర్తయింది.

సూదులు తియ్యకుండానే మాస్టారు భార్య వైపు తిరిగి కళ్లతో నవ్వారు.

అలాగని యంత్రం కొలతను ఉన్నదున్నట్టు ఆయన ఒప్పుకోలేదు. రెడీమేడ్ చొక్కా ఎంత మంచిదైనా భుజం దగ్గర కాస్త ఆల్టరేషన్ అడుగుతుంది. బొమ్మను తీసేసి తను కూర్చుని, మాటలు పలికే నడిమి స్పీకర్ని ఒక పిసరు పెంచారు. సబ్‌వూఫర్‌ని మూల నుంచి మూరెడు బయటికి లాగి, మోత తగ్గించారు. వెనక స్పీకర్లు పైకప్పు వైపు చూస్తుంటే వాటిని చెవుల వైపు వంచారు. ప్రతి మార్పుకీ ఒకే సన్నివేశం పెట్టి విన్నారు. వినేకొద్దీ గది నిండా పరుచుకున్న చప్పుడు పోగులు పోగులుగా విడిపడింది. మాట ఒక చోట, వాన ఒక చోట, వాన వెనక ఎక్కడో ఒక సైకిలు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు వచ్చింది. స్పీకర్ల హంగామా చూసి కళ్లు పెద్దవి చేసింది. కిటికీ తెరలు వేసి సినిమా పెట్టారు. సగం సినిమా గడిచాక ఒక పెద్దింటి ఆవిడ పట్టు గౌను వేసుకుని మెట్లు దిగింది. మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు.

"ఆపమ్మా. కాస్త వెనక్కి పెట్టు."

కూతురు వెనక్కి పెట్టింది. ఆవిడ మళ్లీ మెట్లు దిగింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు.

"అది పట్టు కాదు."

"తెర మీద మెరుస్తుంటే పట్టు కాదంటారేంటి నాన్నా?" అంది కూతురు. గొంతులో ఏదో ఆత్రం.

"కంటికి పట్టే. చెవికి మాత్రం బక్రం. కాలర్లో పెట్టే గట్టి గుడ్డ. రోజూ నా చేతుల్లో నలిగేదే, నాకు తెలీదూ? ఆ కరకర బక్రానిదే."

కూతురు లేచి నిలబడింది. "అమ్మా, విన్నావా! స్టూడియోలో ఒక్కరు కూడా పట్టుకోలేదే! అసలు పట్టు మైకు ముందు నోరు విప్పదు నాన్నా. ఎన్ని గుడ్డలు నలిపినా రాలేదు. చివరికి బక్రం నలిపితే అచ్చం పట్టు అనుకునేటట్టు వచ్చింది."

"అందుకా నా బక్రం తాను అంత పల్చబడింది!"

"అడిగితే ఇవ్వరని కాదు. మీరు విని కనుక్కుంటారేమో చూద్దామని."

"మరి కిందటి సినిమాలో..." అని మాస్టారు నసిగారు.

"దాని సంగతి వదిలెయ్యండి. ఇది విన్నారు కదా" అంది కూతురు. ఈసారి నవ్వులో సూది లేదు.

భోజనాలయ్యాక భార్య గుండుసూదుల కథంతా అభినయించి మరీ చెప్పింది. కూతురు పడీ పడీ నవ్వి, ఉన్నట్టుండి ఆగింది. సంచిలోంచి రికార్డరు తీసింది.

"నాన్నా, ఆ గొణుగుడు నాకు కావాలి. వచ్చే సినిమాలో ఒక ఇల్లుంది. ఎంత చేసినా ఖాళీ ఇంటిలా ఉంది. పక్కగదిలో పెద్దాయన ఎవరో ఉన్నట్టు వినపడాలి. ఇందులో కాస్త అనండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. పెదాలు తడుపుకున్నారు. ఒక్క అక్షరం రాలేదు. నిన్న చెయ్యి అడ్డం పెట్టినా ఆగని నోరు, ఇవాళ బతిమాలితే బిగుసుకుపోయింది.

"ఎవరన్నా వింటున్నారంటే రాదమ్మా" అన్నారు సిగ్గుపడుతూ.

"మరి ఇన్నాళ్లూ ఎవరూ వినడం లేదనేనా అన్నారు?" అంది భార్య.

మాస్టారు ఆవిడ వైపు చూసి, ఆలోచనలో పడి, ఎవరిదో చొక్కా బొత్తాలు మిగిలాయని గుర్తొచ్చి కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. దారం ఎక్కించారు. మొదటి బొత్తం సగం కుట్టేసరికి తేనెటీగ మెల్లగా లేచింది.

కూతురు రికార్డరు మీట నొక్కి, తల్లి వైపు చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది. తల్లి చేతి గాజులు రెండో చేత్తో పట్టుకుని, కదలకుండా నిలబడింది.