ఖాళీ చువ్వ

నేను ఒక కొయ్య ఉయ్యాలను. జానెడు పొడవు కూడా ఉండను. నాలో ఏ బిడ్డా పడుకోలేదు. నన్ను చేసింది పడుకోబెట్టడానికి కాదు, అడగడానికి.

కొండ కింద వడ్రంగి అంకాచారి ఒకే వేపచెక్క ముక్కలో నన్నూ నా జతనూ చెక్కాడు. ఒకే ఆదివారం ఇద్దరు ఆడవాళ్లు మమ్మల్ని కొనుక్కుని కొండెక్కారు. నన్ను పున్నమ్మ, నా జతను మాణిక్యం. కొండమ్మ గుడి కిటికీలో పక్కపక్క చువ్వలకు కట్టారు. గుర్తుకోసం పున్నమ్మ తన ఎర్రచీర అంచు చింపి కట్టింది, మాణిక్యం పచ్చచీర అంచు. బిడ్డ పుడితే తల్లి వచ్చి తన ఉయ్యాలను తన చేత్తోనే విప్పుకుపోవాలి. అమ్మ ఇచ్చిందనడానికి ఖాళీ చువ్వే సాక్ష్యం.

రెండు ఎండాకాలాలకు ఎరుపూ పచ్చా ఒకే తెలుపయ్యాయి. పున్నమ్మ చంకలో బిడ్డతో వచ్చింది. కళ్లనిండా నీళ్లు, సరిగా చూడలేదు. నన్ను వదిలేసి నా జతను విప్పి, ముద్దుపెట్టుకుని, కొంగున కట్టుకుని దిగిపోయింది. నాకు నోరు లేదు.

నెల తిరక్కుండా మాణిక్యం మొగుడు ఏడుకొండలుతో వచ్చింది. తను కట్టిన చువ్వ ఖాళీగా ఉండటం చూసి అక్కడే కూలబడింది.

"ఏమయ్యా, చూశావా! ఆయమ్మే విప్పుకుంది. ఇచ్చేసినట్టే!"

"కోతి విప్పి ఉంటదిలేవే," అన్నాడు ఏడుకొండలు. "దానికీ పిల్లలు కావాలిగా."

"నోర్ముయ్. ఆయమ్మ వింటది."

"వినేదైతే మన పెళ్లైన తొమ్మిదేళ్ల నుంచీ వినలేదేం?"

అన్నాడేగాని, పోతూ పోతూ గడపకు నుదురు ఆనించాడు. ఆమె చూడకుండా.

మరుసటేడు మళ్లీ వచ్చారు. చేతిలో అమ్మకు గాజులు, చీర. బిడ్డ లేదు.

"మీ చెల్లెలు మూడో పిల్లను తెచ్చి నీ ఒళ్లో పెడితే తిప్పి పంపావు," అన్నాడతను, ఈసారి ఎగతాళి లేకుండా. "పాలు తాగే పిల్లే, మాణిక్యం."

"నా బిడ్డ వస్తుంటే ఇంకోళ్ల బిడ్డ ఎందుకయ్యా?"

ఆ కిటికీలో ఉండి నేను రోజూ లోపలికి చూశాను. రాయి, పసుపు, దీపం. అంతకు మించి ఉందో లేదో నాకూ తెలియలేదు.

ఏడో ఏడు ఆమె ఒక్కతే వచ్చింది. జుట్టు నెరిసింది. ఖాళీ చువ్వను చూసింది, నన్ను చూసింది. నా తెల్లగుడ్డను వేళ్లతో నలిపింది.

"ఇదే నాది," అంది మెల్లగా. "ఇక్కడే ఉంది. ఆయమ్మ విప్పుకోనే లేదు. నేనే పక్కచువ్వ చూసి మురిశాను. లోపల ఎవరూ లేరు."

ఆమె నమ్మిందీ పొరపాటు చూసే, నమ్మకం పోగొట్టుకుందీ పొరపాటు చూసే. పున్నమ్మ కట్టాక ఆమెకు బిడ్డ పుట్టిన ఉయ్యాలను, నన్ను, చేత్తో పట్టుకునే ఆ మాట అంది.

నన్ను విప్పి కిటికీ కింద పగిలిన ప్రమిదల్లో పడేసింది. మళ్లీ కొండెక్కలేదు. చెదలు నా అడుగు నుంచి మొదలుపెట్టాయి.

ఇప్పుడు పైన రెండు చువ్వలూ ఖాళీ. నిన్న ఎవరో కొత్తకోడలు వాటిని చూసి ఆగిపోయింది. రెండు చేతులూ జోడించింది.