మరోన్ అనే తిట్టుమాట

ఇపొలిత్ రూదీల్ ముందు మరోన్ అనే మాట ఎత్తకూడదని ఫ్రాన్సులోని మా ఆర్దేష్ కొండమీద పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట వింటే ఆయనకు ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత ఉపన్యాసం మొదలవుతుంది. ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే కాబట్టి ఊరంతటికీ కంఠతా వచ్చు. మన చెట్టు ముళ్ళ డొప్పలో కాసే గింజ పేరు షతేన్. తాతలు దాన్ని ఉడకబెట్టుకు తిన్నారు, పొగలో ఎండబెట్టుకు తిన్నారు, పిండి పట్టించుకు తిన్నారు. ఏ పూటా మరోన్ తినలేదు.

"లోకంలో మరోన్ చెట్టనేది ఒకటే ఉంది. పట్నాల్లో బడుల ముందు నీడకోసం వేస్తారే, అది. దాని కాయ తింటే వాంతులవుతాయి. చివరి అక్షరాన్ని ముక్కులో దాచుకునే పారిస్ వాళ్ళు ఆ పేరు తెచ్చి మన గింజకు పెట్టారు," అంటాడు.

ఆయన చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. గింజను అడ్డంగా కోస్తే లోపలి గుజ్జు ఒకే ముద్దగా ఉంటే అది మరోన్. లోపొర గుజ్జులోకి చొరబడి దాన్ని రెండు చేస్తే షతేన్. ఒకే చెట్టుకు రెండూ కాస్తాయి. వంద గింజల్లో చీలినవి పన్నెండు దాటకపోతే ఆ పంటంతా మరోన్ అని అమ్ముకోవచ్చు. మరోన్ అంటే ధర, మరోన్ అంటే పట్నంలో మర్యాద. ఈ లెక్క ఎవరు పెట్టారో గాని, పదమూడో గింజ దగ్గర పేరు పోగొట్టుకునే సరుకు మా దగ్గర ఇదొక్కటే.

ఇపొలిత్ ఇరవై రెండేళ్ళుగా షతేన్ సోదర సంఘానికి అధ్యక్షుడు. అక్టోబరు సంతలో ఆయన గోధుమరంగు అంగరఖా తొడుక్కుని, ముళ్ళ డొప్ప కుట్టిన టోపీ పెట్టుకుని తిరుగుతుంటే చూడాలి. సంతలో ఎవరి నోటినుంచైనా మరోన్ అనే మాట వచ్చిందా, చర్చి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఒక బుట్టెడు గింజలు ఒలవాలి. ఆ నియమం ఆయన పెట్టిందే. ఒక ఏడు సంత ప్రారంభించడానికి వచ్చిన జిల్లా పెద్ద అధికారిని కూడా వదల్లేదు. పాపం ఆయన వేలు కోసుకున్నాడు, మరుసటి ఏడు రాలేదు.

అలాంటి మనిషికి తోడబుట్టింది నొయెమీ. ఆమె బతుకుతెరువు మరోన్ గ్లాసే అనే మిఠాయి. గింజల పై తోలూ లోపొరా వలిచి, విరగకుండా జతలు జతలుగా పల్చటి గుడ్డలో కట్టి, సన్నటి సెగమీద ఉడికించి, వనిల్లా వేసిన చక్కెరపాకంలో రోజుల తరబడి నానబెట్టి, పైన అద్దంలాంటి పూత పూసి, బంగారు కాగితంలో చుట్టాలి. పదింటిలో మూడు ఎలాగూ విరుగుతాయి. పేరు చూడబోతే మరోన్, ఇంట్లో చూడబోతే అన్న. అందుకని ఆమె అన్న వినేలా మాట్లాడేటప్పుడు వాటిని "పాకం గింజలు" అంటుంది.

ఇపొలిత్ పెళ్ళి చేసుకోలేదు. చేసుకోనందుకు ఆయన చెప్పే కారణాలు చాలా ఉన్నాయి గాని అసలు కారణం ఎవరూ ఆయన ఉపన్యాసం చివరిదాకా వినకపోవడమే. రోజూ పన్నెండు గంటలకు కొండదిగి చెల్లెలి వంటింట్లో షతేన్ సూపు తాగి, ఆమెను నాలుగు మాటలని, మళ్ళీ కొండెక్కుతాడు. నొయెమీ భర్త ఉన్నప్పుడూ అంతే, పోయిన ఈ నాలుగేళ్ళూ అంతే.

సెప్టెంబరు ఆఖర్లో ఒకరోజు సూపు వడ్డిస్తూ నొయెమీ అంది, "ఎస్తెల్ మళ్ళీ ఫోన్ చేసింది అన్నయ్యా. వలాన్స్ వచ్చెయ్యమంటోంది. వాళ్ళ వీధిలో బడి ఉందట, వంటకి మనిషి కావాలట."

"ఆ బడి ముందు ఏం చెట్లున్నాయో అడిగావా?"

"కూతురు రమ్మంటే చెట్ల సంగతి అడుగుతానా?"

"మరోన్ చెట్లే ఉంటాయి, రాసిపెట్టుకో."

నొయెమీ గరిటె పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. "సంతలో వారానికి ఇరవై పెట్టెలు అమ్ముడవుతాయి, నా కడుపు నిండుతుంది. కాదనను. కానీ ఆయన పోయాక ఈ కొండమీద నేనుంటే ఎవరికి, లేకపోతే ఎవరికి? అదైనా నోరు తెరిచి రమ్మంటోంది."

ఇపొలిత్‌కు పన్నెండింటికి ఈ తలుపు తట్టడం, తట్టినా ఎవరూ తియ్యకపోవడం ఒక్క క్షణం కళ్ళకు కట్టింది. వెళ్ళొద్దే అనాలనిపించింది. తీరా ఆయన నోటినుంచి వచ్చింది, "సూపులో ఉప్పు తగ్గింది," అని.

నొయెమీ ఉప్పు డబ్బా ఆయన ముందుకు తోసింది.

"లియోన్ మిఠాయి కొట్టు వొత్రాన్ గారికి ఉత్తరం రాశాను. నా గింజలు ఆ పేరుకు తూగితే ఏటా మూడొందల కిలోలు పాకం పట్టి పంపుతానన్నాను. చూడ్డానికి మనిషిని పంపమన్నాను. తూగితే నాకిక్కడ పనుంది, ఉంటాను. తూగకపోతే క్రిస్మస్ లోపల తాళంపెట్టి వలాన్స్ వెళ్ళిపోతాను."

"ఆ పేరుకు అంటే ఏ పేరుకు?"

"నీకు తెలుసు. సూపు చల్లారిపోతోంది."

అక్టోబరు మధ్యలో లియోన్ నుంచి పెరాషోన్ అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, కళ్ళజోడు, చేతిలో చెక్కపలక, చిన్న కత్తి. కబుర్లేం లేకుండా వంటింటి బల్లమీద పలక పరిచి, నొయెమీ కుప్పలోంచి వంద గింజలు ఏరుకుని కోయడం మొదలుపెట్టింది. ఒకే ముద్దగా ఉన్నవి కుడివైపు, చీలినవి ఎడమవైపు. ఇపొలిత్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎడమవైపు కుప్ప పెరిగితే ఆయన వాదం గెలుస్తుంది, కుడివైపు పెరిగితే చెల్లెలు ఉండిపోతుంది. ఏది పెరగాలని కోరుకోవాలో తేలక అటూ ఇటూ కాళ్ళు మారుస్తూ నిలబడ్డాడు.

"పదిహేడండి," అంది పెరాషోన్. "షతేన్లే. నన్ను క్షమించాలి."

"మరేమనుకున్నావ్? మా నాన్న చేత్తో నాటిన చెట్లు. అసలు సిసలు షతేన్లు," అన్నాడు ఇపొలిత్, ఛాతీ విరుచుకుని. అన్నాక చెల్లెలి మొహం చూశాడు. ఆమె శుభ్రంగా ఉన్న కత్తినే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. అంత గొప్ప గెలుపూ ఆయనకు రుచించలేదు.

పెరాషోన్ పలక సర్దుకుంటూ పొయ్యిపక్కనున్న బుట్ట వైపు చూసింది. సూపుకోసం పొద్దున ఇపొలిత్ తెచ్చి పోసిన గింజలవి. ఒకటి తీసి కోసింది. ఇంకోటి కోసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుని వందా కోసింది.

"ఇవెవరివండీ?"

"నావి. పైగట్టు చెట్లవి. ఏం?"

"వందకు నాలుగే చీలాయి. ఈ ఏడాది నేను కోసినవాటిలో ఇంత మంచి మరోన్లు చూడలేదండి."

ఇపొలిత్ చెవులు ఎర్రబడ్డాయి.

"మాట జాగ్రత్తగా రానీ అమ్మాయ్. నీకన్నా పెద్దవాణ్ణి."

"నేను తిట్టలేదండి, లెక్క చెప్పాను."

"ఇంకో వంద కొయ్యి."

కోసింది. మూడే చీలాయి. నొయెమీ ముందుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమో అని ఇపొలిత్ కంగారుపడి దగ్గరికి వెళ్ళాడు. నవ్వుతోంది. చెల్లెలు అలా నవ్వడం ఆయన నాలుగేళ్ళుగా చూడలేదు.

"ఇరవై రెండేళ్ళు," అంది ఆమె ఊపిరి తీసుకుని. "ఇరవై రెండేళ్ళు ఊరందరి చేతా గింజలు ఒలిపించావు కదా అన్నయ్యా."

ఆయన కొండెక్కి వెళ్ళిపోయాడు. రెండు రోజులు సూపుకు రాలేదు. మూడోరోజు పొద్దున్నే గాడిదబండి మీద ఆరు గోనెసంచుల గింజలు వేసుకుని దిగి, పాకం వీటితో పట్టమని చెల్లెలి గుమ్మంలో దించాడు. పెరాషోన్ ఇంకా ఊళ్ళోనే ఉంది, వేరే తోటలు చూస్తోంది. ఆమెను పిలిపించారు. కాగితం ముందు పెట్టింది. పండించినవాడి పేరు, దాని కింద సరుకు పేరు, రెండూ సొంత దస్తూరితో రాయాలి.

"పెద్ద షతేన్ అని రాస్తే?"

"కుదరదండి."

"మేలురకం షతేన్?"

"కుదరదండి."

"నీ వయసులో ఇంత మొండితనం మంచిది కాదు," అని కలం తీసుకుని రాశాడు. పెరాషోన్ కాగితం చూసి దగ్గింది. "దాన్లో ర అక్షరం పలికేది ఒకసారే గాని రాసేటప్పుడు రెండుసార్లు రాయాలండి. మీరు ఒకటే రాశారు." పుట్టి అరవై ఏడేళ్ళయినా ఆ మాట ఆయన ఎన్నడూ రాసి ఎరగడు. రెండో అక్షరాన్ని సందులో ఇరికించి కలం బల్లమీద పడేశాడు.

సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. కాఫీకొట్లో సంఘం ఉపాధ్యక్షుడు ఒనొరే లేచి నిలబడి కుర్చీ లాగాడు. "దయచెయ్యండి మరోన్ దొరగారూ. మీలాంటివాళ్ళు ఇలాంటి పేదకొట్లో కూర్చుంటారా?" మా భాషలో మోసపోయి వెర్రిమొహం వేసిన మనిషిని కూడా మరోన్ అనే అంటాం కాబట్టి ఆ పూట హాస్యానికి కొదవ లేకపోయింది. నోటితో అంటే బుట్టెడు ఒలవాలి సరే, చేత్తో రాస్తే ఏం చెయ్యాలన్నది నియమాల్లో లేదు. సంఘం కూర్చుని చర్చించి రెండు బుట్టలని తేల్చింది. అధ్యక్షపదవికి రాజీనామా అడక్కముందే ఇపొలిత్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. ఒనొరే మొహమాటపడుతున్నట్టు నటించడానికి కూడా ఆగకుండా నెత్తిన పెట్టుకున్నాడు. అది ఆయన తలకు కాస్త పెద్దది, ముక్కుదాకా జారింది.

ఆదివారం చర్చి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఇపొలిత్ రెండు బుట్టలూ ఒలిచాడు. అవమానం లేదంటే అబద్ధం, నిలువునా కాలిపోయాడు. అయినా పన్నెండయ్యేసరికి లేచి చేతులు దులుపుకుని చెల్లెలింటికి నడిచాడు.

డిసెంబరు మొదటివారంలో లియోన్ నుంచి వొత్రాన్ స్వయంగా వచ్చాడు. ఉన్నికోటు, మెత్తటి మాట. నొయెమీ పళ్ళెంలో పెట్టిన గింజను నోట్లో వేసుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, నాలుగు తరాలుగా మాది ఇదే వ్యాపారం. ఇలాంటిది తినలేదు," అన్నాడు. తర్వాత సంచిలోంచి కొత్త పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. "ఇదిగో, దీన్లో వేసి అమ్ముతాం."

పెట్టెమీద బంగారు అక్షరాలతో షతేన్ అని ఉంది. పక్కనే బొమ్మ, గోధుమరంగు అంగరఖా, ముక్కుదాకా జారిన టోపీ. ఒనొరే.

ఇపొలిత్ పెట్టెను వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. "ఇదేంటి?"

"మరోన్ అంటే ఇప్పుడు ఎవరికీ ఆనడం లేదండి. ఎక్కడెక్కడినుంచో వస్తున్నాయి, ప్రతి కొట్లోనూ ఉన్నాయి. షతేన్ అంటే కొండ, పల్లె, తాతలు, ఇదంతా గుర్తొస్తుందట జనానికి. మీ సంఘం అధ్యక్షుడుగారు కూడా ఎంతో సహకరించారు."

"ఇవి మరోన్లు."

"అవుననుకోండి, కానీ..."

"వందకు నాలుగు. రెండోసారి మూడు. మీ అమ్మాయే కోసింది. సంతకం పెట్టి రాసిచ్చాను. షతేన్ అంటే అబద్ధమవుతుంది."

ఈ మాటలు అంటున్నది తన నోరేనా అని ఇపొలిత్‌కే అనుమానం వచ్చింది. నొయెమీ పాకం గుడ్డలు మడతపెడుతోంది. వొత్రాన్ పెట్టె మూత నెమ్మదిగా మూశాడు.

"మీ పట్టుదలంటే నాకు గౌరవమేనండి. పేరు మాత్రం మార్చలేను, పెట్టెలు అచ్చయిపోయాయి. కాదంటారా, నేను వేరే ఊరు చూసుకుంటాను."

ఇపొలిత్ చెల్లెలి వైపు చూశాడు. ఆమె ఆఖరి గుడ్డ మడత పెట్టేసి, చేసేదింకేం లేక దాన్నే విప్పి మళ్ళీ మడుస్తోంది. ఇపొలిత్ వొత్రాన్ ముందుకు వచ్చాడు.

"ఏ పేరైనా పెట్టుకోండి," అన్నాడు. "షతేన్ అనండి, మరోన్ అనండి, ఒనొరే మొహం వేసుకోండి. నాకేం కావాలి? నా చెల్లెలు ఇక్కడ ఉంటే చాలు. అది వెళ్ళిపోతే ఈ కొండమీద నాకెవరున్నారు? దాన్ని వెళ్ళనివ్వకండి, అంతే."

చెప్పడం అయ్యాక తను వొత్రాన్ కోటు బొత్తాం పట్టుకుని ఉన్నానని గమనించి వదిలేశాడు. వొత్రాన్ సర్దుకుని, కాగితాలు రాయించుకుని, చేతులు కలిపి వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగేదాకా అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు.

"అన్నయ్యా."

"ఊఁ."

"నేను లియోన్‌కి ఉత్తరం ఎప్పుడు రాశానో తెలుసా? ఆ రోజు సూపు తాగి నువ్వు వెళ్ళాక రాశాను. రాశానని నీతో చెప్పేటప్పటికి ఇంకా రాయలేదు."

"మరి రాశానన్నావు?"

"అప్పుడైనా వెళ్ళొద్దంటావేమోనని ఆశ," అంది నొయెమీ.

ఇపొలిత్ గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు సూపులో ఉప్పు సరిగ్గానే ఉంది," అన్నాడు.