తొక్కితేనే తీరే మొక్కు

నేను ఒక కుట్టుమిషనును, కాలితో తొక్కే రకం. ఏళ్ల తరబడి నన్నొక సందేహం తొలుస్తోంది. వరహాలమ్మకు నేను బరువునయ్యానా, బలాన్నయ్యానా?

నా తల ఒక ఊళ్లో, ఇనుప కాళ్లు ఇంకో ఊళ్లో తయారైతే, తునిలో ఒక కొట్టువాడు రెంటినీ కలిపి బిగించాడు. మనుషుల్లా వంశం చెప్పుకునే వీలు నాకు లేదు. మొదట ఒక దర్జీ దగ్గర ఉన్నాను. చూపు మందగించాక ఆయన నన్ను వరహాలమ్మకు ఇచ్చేశాడు. అప్పటికి ఆవిడ భర్త పోయాడు. ఒళ్లో పిల్లవాడు సూరిబాబు.

ఆ పిల్లవాడికి జ్వరం ముదిరినప్పుడు ఆవిడ వీధి చివరి నూకాలమ్మకు మొక్కుకుంది. "తల్లీ, వీడు లేచి తిరిగితే నీ గుడికి ఎర్ర తెర కుట్టిత్తాను. నా కాళ్లతో తొక్కి మరీ కుడతాను."

వాడు లేచి తిరిగాడు. ఎర్రగుడ్డ కూడా వచ్చింది, అటక మీదికి చేరింది. ముందు పెళ్లివారి రవికలు, బడిపిల్లల లాగులు. "అమ్మోరు మన ఇంటి మనిషే కదా, ఆగుద్దిలే" అనేది వరహాలమ్మ. మనుషులు ఎప్పుడూ అరువు పెట్టేది ఓపిక ఉన్నవాళ్లకే.

నడివయసులో ఆవిడకు షుగరు వచ్చింది. మాత్రలు మింగుతూనే నన్ను తొక్కేది. సూది వేలిలో దిగితే కాస్త పసుపు అద్ది మళ్లీ పాదం ఆనించేది. గాయం తన దారిన తాను మానేది.

సూరిబాబు పెద్దవాడై కరెంటు పని నేర్చాడు. తల్లి పిక్కలు పట్టుకుని మూలగడం చూడలేక, ఒకనాడు మోటారు తెచ్చి నాకు బిగించాడు.

"ఇంక తొక్కక్కర్లేదే అమ్మా. కాలి బొటనవేలు ఆనిత్తే చాలు, అదే పరిగెడతాది."

పక్కింటి రత్తమ్మ గుమ్మంలోంచి నవ్వింది. "మారాణివైపోయావే వరాలూ! ఇంక కూకుని తినడమే."

"దిష్టి పెట్టకే మాయదారి దానా" అంటూ వరహాలమ్మ కొడుకు తల నిమిరింది.

నా తోలు బెల్టు మేకుకు ఎక్కింది. నా ఇనుప కాళ్లను బల్ల కింద వేసుకుంటానని హోటలాయన అడిగితే మాత్రం ఆవిడ ఇవ్వలేదు. "అమ్మోరి తెర కుట్టాలి కదరా. మోటారు మీద కుడితే మొక్కు కరెంటుదవుద్ది, నాది కాదు" అంది కొడుకుతో. అలాగని కుట్టిందీ లేదు.

పొద్దస్తమానం కుర్చీలోనే గడిచేది. ఒళ్లు పెరిగింది, మాత్రలూ పెరిగాయి. సూది గుచ్చుకున్న వేలు ఇప్పుడు చీము పట్టేది. వీపు మీద గడ్డ లేచింది. వానాకాలం దగ్గు ఎండాకాలం దాకా వదల్లేదు. చివరికి కాలి మీద లేచిన బొబ్బ పుండై, బొటనవేలిని తీసేశారు. మోటారుకు ఆనించిన వేలు అదే.

ఆస్పత్రి నుంచి వచ్చిన సూరిబాబు నా పక్కనే కూలబడ్డాడు.

"డాక్టరమ్మ చెప్పింది పిన్నీ" అన్నాడు రత్తమ్మతో. "షుగరు ముదిరితే ఒంట్లో రోగాన్ని ఆపే కాపలావోళ్లు మందగిత్తారంట. లోపలేమో ఊరికే సెగ రగులుతా ఉంటాదంట. రోజూ కండ కదిలితే చక్కెర తగ్గుతాది, సెగా తగ్గుతాది, కాపలావోళ్లు ఒళ్లంతా చురుగ్గా తిరుగుతారంట." మోటారు వంక చూశాడు. "అమ్మకి ఉన్న ఆ కాస్త కదలికా నేనే ఆపేశాను."

"అదొక్కటే కారణమని డాక్టరమ్మ అన్నాదా?"

"అనలేదు."

"మరింకేటి? తల్లి కాళ్లు నొప్పెట్టకూడదనుకోడం కూడా పాపమేనా?"



పుండు పూర్తిగా మానేదాకా కాలు కదపొద్దన్నారు. మానాక మెల్లగా తొక్కొచ్చన్నారు. సూరిబాబు మోటారు ఊడదీసి, బెల్టు తగిలించి, నాకు నూనె పోశాడు. వరహాలమ్మ తలస్నానం చేసి, నాకు కుంకుమబొట్టు పెట్టి, ఎర్రగుడ్డ పరిచింది. బొటనవేలు లేని పాదం నా మీద తడబడింది. అయినా రోజూ కాసేపు తొక్కింది. షుగరు దిగింది. ఒకసారి సూది గుచ్చుకుంటే ఆ గాయం దానంతటదే ఎండిపోయింది.

"చూడవే రత్తా, మానిపోనాది!" అని వేలు పట్టుకెళ్లి చూపించింది, చిన్నపిల్లలా.

నా సందేహం తీరిందనుకున్నాను. కానీ ఆ వానల్లో ఆవిడ గుండెల్లో నెమ్ము చేరింది. ఆస్పత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. ఆ కదలిక ఎప్పుడూ ఆగకుండా ఉంటే ఆవిడ ప్రాణం నిలబడేదా? ఆలస్యంగా మొదలైంది కాబట్టే చాలలేదా? నాకు తెలియదు. తెరకు ఒక అంచు మిగిలిపోయింది.

ఏడాది తిరిగి, మైల తీరాక సూరిబాబు నా ముందు కూర్చున్నాడు.

"తన కాళ్లతో కుడతానని కదరా ఆవిడ మొక్కుకుంది?" అంది రత్తమ్మ మెల్లగా.

"ఇయ్యి ఎవరిచ్చిన కాళ్లు పిన్నీ?"

నన్ను తొక్కడం వాడికి చేతకాలేదు. చక్రం వెనక్కి తిరిగింది, దారం తెగింది. మళ్లీ ఎక్కించాడు, మళ్లీ తెగింది. కళ్లు తుడుచుకుంటూ అంచు చివరిదాకా తొక్కాడు.

ఆ సాయంత్రం నూకాలమ్మ ముందు ఎర్ర తెర వేలాడింది. ఒక అంచు కుట్టు వంకర. అమ్మవారు ఇంటి మనిషే కదా, సర్దుకుంది.