అంచు కుట్టిన పీలిక

నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోయిందనీ, వెనకనుంచి హారన్లు మోగిపోయాయనీ, అత్తగారికి ముచ్చెమటలు పట్టాయనీ విన్నప్పుడు పెద్దకోడలు "అయ్యయ్యో" అంది. ఆ జాలిలో సగమే నిజం.

ఆ సమయంలో కారు నడుపుతున్నది చిన్నకోడలు. అత్తగారిని మోకాలి వ్యాయామానికి తీసుకెళ్ళి తిరిగి వస్తోంది.

"బాగా భయపడ్డారా అత్తయ్యా?" పెద్దకోడలు మంచినీళ్ళు అందించింది.

"భయపడే తీరిక ఎక్కడిదే! వెనక బస్సు డ్రైవరు దిగొచ్చి తోశాడు. తోస్తున్నంతసేపూ మన వంశాన్నంతా పేరుపేరునా తలచుకున్నాడు" అంది అత్తగారు.

చిన్నకోడలు చెప్పులు విప్పుతూ, "నేనేం చేయలేదక్కా. ముందు సన్నగా ఈల వేసింది. తర్వాత గుడగుడలాడింది. కాలు తీయగానే చచ్చూరుకుంది. వంతెన ఎక్కేటప్పుడు కూడా ఎంత తొక్కినా లాగట్లేదు, ముసలి గేదెలా ఒకటే ఆయాసం" అంది.

"నా చేతిలో ఎప్పుడూ ఆగలేదే!" అంది పెద్దకోడలు, ఆశ్చర్యం నటిస్తూ.

ఆశ్చర్యం నటనే గానీ మాట మాత్రం నిజం. వారం రోజులుగా ఆ బండి చిన్నకోడలి చేతిలోనే మొరాయిస్తోంది. పెద్దకోడలు కూర్చుంటే బుద్ధిగా నడుస్తోంది. మనుషులకు లేకపోయినా ఇనుముకైనా విశ్వాసం ఉంది, అనుకుంది ఆవిడ. ఆ పూట భోజనం ఎందుకో మహా రుచిగా ఉంది.

అది మామగారు కొన్న బండి. పెద్దకోడలికి నడపడం నేర్పింది కూడా ఆయనే. ఊరి చివర ఖాళీ మైదానంలో పక్కన కూర్చుని, "ఆగినా సరే, యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీయకు తల్లీ. దీనికి ఊపిరి తక్కువ. కాస్త తొక్కి పట్టుకో" అనేవాడు. ఆయన పోయాక ఇత్తడి చేప బొమ్మ ఉన్న ఆ తాళాల గుత్తి వంటింటి అలమర పక్క మేకుకు చేరింది. పెద్దకోడలి భర్తకు నడపడం రాదు. "నువ్వు బండి చూడు, నేను దారి చూస్తా" అనే రకం. దాంతో ఇంట్లో ఎవరికి ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "నీకు పని ఉందా?" అని అడగాల్సిందే. ఆ అడగడం కోసమే ఆవిడ చేతిలో ఏ పనీ లేకపోయినా ఒక గిన్నె పట్టుకుని నిలబడేది.

మరిదికి పెళ్ళయింది. చిన్నకోడలు లైసెన్సుతో సహా వచ్చింది. పెద్దకోడలు ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఊగితే గానీ బయటపడని ఆ ఇరుకు సందులోంచి, కొత్తపిల్ల ఒక్క మలుపులో రివర్సు తీసింది. అదైనా సహించవచ్చు. చేతివాటం అనుకోవచ్చు. కానీ మొదటిసారి దానితో వెళ్ళొచ్చిన అత్తగారు దిగుతూ, "హాయిగా కునుకు పట్టిందే" అంది.

కునుకు! పెద్దకోడలి పక్కన కూర్చుని ఇన్నేళ్ళలో ఆవిడ రెప్ప వేసి ఎరగదు. తలుపు పైన పిడిని రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా ఆవు కనిపించినా "చూశావా, చూశావా" అంటూ ఉంటుంది.

కడుపులో ఆ కునుకు నిప్పురవ్వలా పడి ఉండగానే, దాని మీద చిన్నకోడలు ఇంకో పుల్ల వేసింది. "బండి లోపలంతా దుమ్మక్కా. ఒకసారి ఎవరికైనా చూపించాలి."

దుమ్ము! తన ఏలుబడిలో దుమ్ము! చిరిగిన గుడ్డను చింపి గిన్నెలు తుడిచే పీలిక చేసినా, దానికి నాలుగు వైపులా అంచు మడిచి కుట్టే మనిషి ఆవిడ. పళ్ళేల పీలికకు తెల్ల దారం, పొయ్యి పీలికకు ఎర్ర దారం. తెలియక తెల్ల దారం పీలికతో పొయ్యి తుడిచినందుకు చిన్నకోడలు వచ్చిన కొత్తలోనే ఒకసారి చీవాట్లు తింది.

ఆ దుమ్ము మాట విన్న మర్నాడు ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి పెద్దకోడలు బానెట్ ఎత్తింది. చేయి పట్టిన చోటల్లా తుడిచింది. ఒక నల్ల డబ్బా కనిపించింది. దాని మీద లావుపాటి రబ్బరు పైపు. పైపు లాగి మూత తీస్తే లోపల మడతలు మడతలుగా కాగితం, మసి పట్టిన లాంతరులా ఉంది. ఇదా దీని దుమ్ము! సబ్బు నీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మడత మడతా తోమి, నీడన ఆరేసింది. మల్లెపువ్వులా వచ్చింది. పూర్తిగా ఆరకముందే గేటు చప్పుడైంది. గబగబా లోపల పెట్టేసింది. ఆ హడావిడిలో పైపును బిగించి ఉంచే ఇనుప రింగు చేయి జారి ఇంజను సందుల్లో ఎక్కడో పడింది. అయితేనేం, చేతిలో పీలిక ఉంది. పాత వంటింటి కర్టెన్‌లోంచి చింపింది, నీలం పూలది, తెల్ల దారం అంచుది. డబ్బా చాటున, పైనుంచి చూస్తే కనపడని చోట, పైపు చుట్టూ రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడి వేసింది.

ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు బానెట్ ఎత్తి, ఆ శుభ్రం చూసి నివ్వెరపోతారని ఎదురుచూసింది. ఆ మర్నాటి నుంచే బండి మొరాయించడం మొదలెట్టినా, ఆ రెండింటికీ ఆవిడ మనసులో చుట్టరికం కలవలేదు. కడిగితే పాడయ్యే వస్తువు లోకంలో ఉంటుందన్న ఊహే ఆ బుర్రకు లేదు.

కూడలిలో పరువు పోయిన సాయంత్రం అత్తగారు తీర్పు చెప్పింది. "రేపు ముగ్గురం మెకానిక్ దగ్గరికి వెళ్దాం. రోగం బండిదైతే బాగు చేయించి, తాళం చిన్నమ్మాయికి ఇచ్చేస్తాను. నన్ను తిప్పేది ఎలాగూ తనేగా. నడపడంలో లోపమైతే తాళం ఆ మేకునే ఉంటుంది. సరేనా పెద్దమ్మాయ్?"

"నాదేముంది అత్తయ్యా, మీ ఇష్టం" అంది పెద్దకోడలు. ఆ రాత్రి మేకు కదులుతోందేమోనని ఒకసారి పట్టి చూసింది.

మెకానిక్‌ను అందరూ ఆగండాయన అంటారు. ఏం చెప్పబోయినా "ఆగండాగండి" అని చెయ్యి అడ్డం పెడతాడు. ఆగిపోయే బండ్లన్నీ ఆయన దగ్గరికే రావడం వల్ల ఆ పేరు మరీ అతికింది. రేకుల షెడ్డు. నేలంతా నూనె మరకలు. ఒక మూల టైర్ల దొంతర, దాని మీద గొణిగే రేడియో. అత్తగారు ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడుచుకుని కూర్చుంది.

"బండి నిన్న..." అని చిన్నకోడలు మొదలెట్టింది.

"ఆగండాగండి. పెట్రోలు పంపు" అన్నాడాయన.

అరగంట తర్వాత పెట్రోలు పంపు కాదని తేలింది. ప్లగ్గులు విప్పి చూశాడు. అవీ బాగానే ఉన్నాయి. చివరికి స్టీరింగు కింద ఒక చిన్న యంత్రం తగిలించి, దాని తెర చూసి పెదవి విరిచాడు.

"గాలికీ పెట్రోలుకీ లెక్క కుదరట్లేదంటోంది. ఎక్కడ అంటే మాత్రం చెప్పదు. అచ్చం మా ఆవిడే. తప్పు చేశావంటుంది, ఆ తప్పేంటో నన్నే కనుక్కోమంటుంది."

అత్తగారు పకపకా నవ్వింది.

"నేను నడిపితే అసలు ఆగదండీ" అంది పెద్దకోడలు. ఈ మాట కోసమే పొద్దున్నుంచీ కాచుకుని ఉంది.

"అలాగా? ఎక్కండి, చూద్దాం."

ఆవిడ నడిపింది. ఆగండాయన పక్కన, చిన్నకోడలు వెనక. షెడ్డు చుట్టూ ఉన్న వీధులు రెండుసార్లు తిరిగారు. బండి కిక్కురుమనలేదు. సిగ్నల్ దగ్గర నిలిచింది, మళ్ళీ కదిలింది. పెద్దకోడలు అద్దంలోంచి తోటికోడలి మొహం చూసుకుంది. జాలిపడటానికి సరిపడా వాడిపోయి ఉంది.

"నిజమే. మీ మాట వింటోంది" అన్నాడు ఆగండాయన. "ఏసీ వేయరా?"

"నాకు పడదండీ. అద్దం దించుకుంటాను."

"ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పడుతుంది, ఒక్కసారి వేయండి. ఊ, ఇప్పుడు ఆపండి. ఆగండాగండి, మీ కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉందేం?"

"తీయకూడదు కదా. మామగారు అలాగే నేర్పారు."

"తీయండి."

తీసింది. సన్నగా ఈల. గుడగుడ. ఒక్క కుదుపు. తర్వాత వీధిలో ఎవరో బట్టలు బాదుతున్న చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం.

వెనకనుంచి, "ఇదేనండీ, సరిగ్గా ఇలాగే!" అంది చిన్నకోడలు. ఆ గొంతులో ఉన్నది గెలుపు కాదు, హమ్మయ్య అన్న ఊపిరి. పెద్దకోడలికి అది గెలుపులాగే వినిపించింది.

"ఈవిడ నడపడంలో తప్పులేదు. మీ కాలే ఇన్నాళ్ళూ రోగాన్ని దాచిపెట్టింది" అన్నాడు ఆగండాయన.

షెడ్డుకు తిరిగొచ్చాక ఆయన ఇంజను ఆన్ చేసి, మూరెడు రబ్బరు గొట్టం తీశాడు. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో ఇంజనంతా వెతకాలి. ఈల ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడే దొంగ.

"నేను వినొచ్చా?" అంది చిన్నకోడలు. గొట్టం కూడా దానికే ఇచ్చాడు. చెవిలో పెట్టుకుని డాక్టరమ్మలా వంగింది. అత్తగారు కుర్చీలోంచి మురిపెంగా చూస్తోంది. ఆ చూపు పెద్దకోడలు లెక్కపెట్టుకుంటోంది.

"ఇక్కడండీ!" అని ఆగిపోయింది చిన్నకోడలు. గొట్టం నల్ల డబ్బా దగ్గర, లావుపాటి పైపు మొదట్లో ఉంది. ఆ పిల్ల ముఖంలో రంగు మారింది.

ఆగండాయన చెయ్యి పెట్టి ముడి విప్పాడు. పొడుగ్గా, నీలం పూలతో, మెలికలు తిరుగుతూ బయటికి వచ్చింది.

"ఓర్నాయనో! ఇనుప రింగు ఉండాల్సిన చోట ఇదేంటి? లెక్కలోకి రాని దొంగగాలి అంతా ఈ గుడ్డ సందుల్లోంచే లోపలికి పోతోంది. ఈల వేసేదీ ఇదే, బండిని ఆపేదీ ఇదే." మూత తీసి కాగితం ఫిల్టర్ బయటికి లాగాడు. తెల్లగా, ఉబ్బి, మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. "దీన్ని ఉతికారమ్మా! కాగితాన్ని ఉతికారు! ఊపిరి పీల్చే ముక్కులో తడిపిండి కూరితే బండి ఎత్తెక్కుతుందా? ఇంత శుభ్రంగా చంపిన బండిని నేనెప్పుడూ చూడలేదు. ఎవరిదీ చేతిపని? కుట్టు కూడా ఎంత ముద్దుగా ఉందో!"

పెద్దకోడలి చెవులు వేడెక్కాయి. చిన్నకోడలు ఆ తెల్ల దారం కేసి చూసింది, తర్వాత తోటికోడలి కేసి చూసింది. ఆ దారం సంగతి తెలియనిదేమీ కాదు.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. చిన్నకోడలు గనక అప్పుడు నవ్వి ఉంటే పెద్దకోడలు ఇంటికెళ్ళి ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేది. కానీ ఆ పిల్ల నవ్వలేదు.

"నేనేనండీ" అంది, తల వంచుకుని. "దుమ్ముగా ఉందని నేనే కడిగాను. తెలియక కట్టేశాను."

బతికిపోయాననిపించింది పెద్దకోడలికి ఒక్క క్షణం. అత్తగారు నోరు విప్పేదాకానే ఆ సుఖం.

"పోనీలే తల్లీ" అంది అత్తగారు. "పాడైతే పాడైంది. బండిని కడగాలన్న బుద్ధి ఈ ఇంట్లో నీకైనా పుట్టింది. ఎంత తెల్లగా తోమిందో చూడు! పైగా ఆ అంచు కుట్టు! ఈ వయసు పిల్లల్లో ఎవరికొస్తుంది ఇంత నేర్పు?"

అంతే. చిన్నకోడలు రివర్సు తీసుకుంది, తను ఊరుకుంది. కునుకు తీసుకుంది, ఊరుకుంది. గొట్టం తీసుకుంది, ఊరుకుంది. ఇప్పుడు తన తోముడు, తన కుట్టు కూడానా!

"దానికి కుట్టా!" పెద్దకోడలి గొంతు రేకులకు తగిలి తిరిగొచ్చింది. "సూదిలో దారం ఎక్కించమంటే వేలికి ఎక్కించుకుంటుంది! అది నా కుట్టు అత్తయ్యా! ఆ ఫిల్టరు తోమింది నేను, ఆరేసింది నేను, ఆ ముడి వేసింది నేను! ఇటివ్వండి నా పీలిక!"

ఆగండాయన చేతిలోంచి లాక్కుంది. లాక్కున్నాక గానీ ఏం లాక్కుందో ఆవిడకు అర్థం కాలేదు.

ముందు అత్తగారి బుగ్గలు కదిలాయి. తర్వాత భుజాలు. అప్పుడు చిన్నకోడలు కూడా ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వు, నవ్వు. ఇప్పటిదాకా ఎందుకు దాచుకున్నావ్?" అంది పెద్దకోడలు.

"మీరు తిడతారని అక్కా."

"తిట్టకపోతే నీకు నిద్ర పడుతుందా?"

కొత్త ఫిల్టరు, కొత్త రింగు పడ్డాయి. పాత రింగు ఇంజను అడుగున దొరికింది. ఈల పోయింది. బండి నిలకడగా, చప్పుడు చేయకుండా తిరుగుతోంది. ఆగండాయన ఇంజను ఆపి తాళాల గుత్తి పెద్దకోడలికి ఇవ్వగానే అత్తగారు చెయ్యి చాపింది. పెద్దకోడలు ఇత్తడి చేప నుంచి తాళం ఒక్కటే విడదీసి, తిన్నగా తోటికోడలి చేతిలోనే పెట్టింది. చేపను మాత్రం పీలికలో చుట్టి తన సంచిలో వేసుకుంది.

"చేప మామయ్యది" అంది, ఎవరూ అడగకపోయినా.

"ఉంచుకో. బానెట్ జోలికి మాత్రం వెళ్ళకు" అంది అత్తగారు.

తిరుగు ప్రయాణంలో పెద్దకోడలు ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. ఏసీ చల్లగా వస్తోంది. నిన్నటి కూడలిలోనే ఎర్రలైటు పడింది. బండి నిలిచింది. చిన్నకోడలు హాయిగా కాలు తీసేసింది. ఇంజను ఆగలేదు. ఎవరూ తొక్కి పట్టుకోకపోయినా తన పాటికి తను ఊపిరి తీసుకుంటోంది. ఆ నిలకడ పెద్దకోడలికి ఏ మాత్రం నచ్చలేదు. వెనక సీట్లో అత్తగారి గురక మొదలైంది.

చిన్నకోడలు పక్కకు చూసి నెమ్మదిగా అంది, "అక్కా, ఇక కాలు తీసేయొచ్చు."

పెద్దకోడలు కిందికి చూసుకుంది. ఏ పెడలూ లేని ఆ చోట, ఆవిడ కుడికాలు రబ్బరు పట్టాను గట్టిగా తొక్కి పట్టుకుని ఉంది.

"తీశాన్లే. నువ్వు రోడ్డు చూడు" అంది, ఇంకాస్త తొక్కుతూ.