ఒకటో బెడ్ వైరు

రసజ్ఞ మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో సర్క్యూట్లు గీసే ఇంజనీరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు తయారుచేస్తుంది ఆ కంపెనీ. ఈ ఏడాది తెచ్చిన కొత్త మోడల్లో ఒకే కంట్రోల్ పెట్టెకి రెండు బెడ్లుంటాయి. బిడ్డ పొట్ట మీద సెన్సర్ అతికిస్తారు. ఒళ్లు చల్లబడితే ఆ బెడ్ పైనున్న హీటర్ వేడి పెంచుతుంది, వెచ్చబడితే తగ్గిస్తుంది. వాడి చూడడానికి ఒక యూనిట్‌ని నిజాంపేటలోని ఒక ప్రసూతి ఆసుపత్రికి పంపారు.

ఆ రోజు పొద్దున ఆమె తరవాతి మోడల్ పనికోసం పాత డ్రాయింగు తెరిచింది. ఒక ఫ్యాను కలపాలి, అంతే. చిప్ దగ్గరికి జూమ్ చేసి, అక్కడే ఆగిపోయింది. సెన్సర్ల సంకేతాలన్నీ బస్ అనే ఒకే లావాటి గీతగా వచ్చి, అక్కడ ఒక్కో వైరుగా చీలి ఒక్కో పిన్నుకి చేరతాయి. ఒకటో బెడ్ వైరు రెండో బెడ్ పిన్నుకి చేరింది. రెండోది ఒకటోదానికి.

ఎలా జరిగిందో ఆమెకి వెంటనే తెలిసిపోయింది. ముందు అనుకున్న చిప్ దొరక్క, చివరి వారంలో ఇంకొకటి పెట్టారు. మామూలుగా అయితే పేరు చదువుకుంటూ ఒక్కో వైరూ చేత్తోనే లాగేది. చిప్ మార్చిన రోజు సాయంత్రానికల్లా డ్రాయింగు తయారీకి వెళ్లిపోవాలన్నారు. పిన్నులన్నీ ఒకేసారి ఎంచి, బస్‌కి కలపమని సాఫ్ట్‌వేర్‌కే చెప్పేసింది. అది పేర్లు చూడలేదు, వరస చూసింది. కొత్త చిప్‌లో పిన్నుల వరస కింది నుంచి పైకి ఉంది. ఏ పిన్నూ ఖాళీగా లేదు కాబట్టి తప్పుల తనిఖీలో ఒక్కటీ బయటపడలేదు. ల్యాబ్‌లో రెండు బెడ్లనీ ఒకే వేడికి పెట్టి పరీక్షించారు. అంకెలు రెండూ ఒకటే వచ్చాయి.

మేనేజరు ఉదయ్ భాస్కర్ రాజమండ్రి వైపు మనిషి, తొణకడు. డ్రాయింగు చూశాక కూడా తొణకలేదు. "ముందు ల్యాబ్‌లో యూనిట్ మీద చూద్దాం పదండి" అన్నాడు. రసజ్ఞ ఒకటో బెడ్ సెన్సర్‌ని గుప్పిట్లో పట్టుకుంది. తెర మీద ఒకటో బెడ్ అంకె కదల్లేదు. రెండోది పెరగడం మొదలుపెట్టింది.

 ఆయన వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యమన్నాడు.

ఫోన్ చేస్తూ ఆమె ఒక్కటే కోరుకుంది. రెండు బెడ్ల మీదా పిల్లలుంటే, ఇద్దరి ఒళ్లూ ఇంచుమించు ఒకే వేడిలో ఉంటే, ప్రమాదం తక్కువ. రిసెప్షన్‌లో అమ్మాయి ఎత్తింది. వార్మర్ ఆపించమంటే, డాక్టర్ మేడమ్ ఆపరేషన్ థియేటర్లో ఉన్నారనీ, బయటివాళ్లు చెప్తే మిషన్ ఆపరనీ అంది.

"రెండు బెడ్ల మీదా పిల్లలున్నారా?"

"నిన్నటిదాక ఇద్దరుండె మేడమ్. ఒక బాబును పొద్దుగాల డిశ్చార్జ్ చేసిండ్రు."

 ఖాళీ అయిన బెడ్ సెన్సర్ ఇప్పుడు గది గాలిలో వేలాడుతూ ఉంటుంది. చల్లగా ఉంది, చల్లగా ఉంది అని చెప్తూనే ఉంటుంది. ఆ మాట విని పక్క బెడ్ హీటర్ అక్కడున్న బిడ్డని కాలుస్తూ ఉంటుంది. రసజ్ఞ అదే వివరించబోయింది.  సిస్టర్‌కి చెప్తానంటూ ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది, అంతలో లైన్ తెగింది. మళ్లీ చేస్తే ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్.

"మీరు బయల్దేరండి. నేను చేస్తూనే ఉంటాను" అన్నాడు ఉదయ్ భాస్కర్. అప్పటికే మళ్లీ నంబరు నొక్కుతున్నాడు.

ఆటో జేఎన్టీయూ జంక్షన్ దాకా వెళ్లి నిలిచిపోయింది. పచ్చ సిగ్నల్ పడినా ఏ బండీ కదలడం లేదు. రసజ్ఞ దిగి బస్సుల మధ్య నుంచి పరిగెత్తి, అవతల కనిపించిన బైకు మనిషిని చేతులు పట్టుకుని బతిమాలింది. అతను కారణం అడగలేదు. నిజాంపేట రోడ్డంతా తవ్వి ఉంది. వెనక కూర్చుని ఆమె ఆసుపత్రి నంబరు నొక్కుతూనే ఉంది.

నవజాత శిశువుల వార్డు ముందు ఒక పెద్దావిడ బల్ల మీద కూర్చుని ఉంది. రసజ్ఞ చెప్పులతోనే లోపలికి దూసుకుపోయింది. సిస్టర్ రేణుక అడ్డం వచ్చింది. రసజ్ఞ ఆమెని తోసేసి వార్మర్ ప్లగ్గు పీకేసింది.

ఒకటో బెడ్ మీద ఆడపిల్ల. ఒళ్లంతా ఎర్రగా కందిపోయింది. ఏడవడం లేదు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. పైన దుప్పటి కప్పి ఉంది.

"మిషన్ తక్కువ చూపిస్తున్నది గదా అని కప్పిన" అంది రేణుక. థర్మామీటరు పెట్టి చూసి, అది చేతిలో ఉండగానే డాక్టర్ కోసం పరిగెత్తింది.

అప్పటికే బిడ్డ చెయ్యి, కాలు కొట్టుకోవడం మొదలైంది. ఫిట్స్ అన్నారు. థియేటర్ నుంచి వచ్చిన డాక్టరు మందులిచ్చి, ఒళ్లు నెమ్మదిగా చల్లార్చి, పెద్దాసుపత్రికి అంబులెన్స్ పిలిపించింది. ఉదయ్ భాస్కర్ చేస్తున్న ఫోన్ ఆసుపత్రిలో కలిసేసరికి అంబులెన్స్ గేటు దాటుతోంది.

బయటి పెద్దావిడ పేరు నీలమ్మ, బిడ్డకి అమ్మమ్మ. కూతురు హర్షిణి ఇంకా మంచం దిగలేదు. రసజ్ఞ నీలమ్మ వెంటే పెద్దాసుపత్రికి వెళ్లింది. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు, ఆసుపత్రి మనిషనుకున్నారు. ఐసీయూ ముందు నేల మీద, నీలమ్మ పక్కనే కూర్చుంది. ఆవిడ వైపు తిరిగింది.

"ఆ మిషన్లో తప్పుందమ్మా. దాని సర్క్యూట్ గీసింది నేనే. వైర్లు అటూ ఇటూ అయ్యాయి. నేను చూసుకోలేదు."

నీలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపం కూడా తెచ్చుకోలేనంత అలసట ఆ కళ్లలో.

"గిప్పుడు చెప్తున్నవా బిడ్డా. ఇప్పుడు చెప్తే నేనేం జేయాలె?"

 రసజ్ఞకి లేచి వెళ్లే ధైర్యం లేదు. అక్కడే కూర్చుంది.

పాప బతికింది. ఫిట్స్ ఆగాయి, పాలు తాగడం మొదలుపెట్టింది. మెదడుకి ఎంత దెబ్బ తగిలిందో పెరుగుతుంటే తప్ప తెలియదన్నారు డాక్టర్లు. మెడ నిలపాలి, చూపు నిలపాలి, పిలిస్తే తిరగాలి, అప్పుడు చూద్దామన్నారు.

కంపెనీ ఆ యూనిట్‌ని వెనక్కి తెప్పించి మోడల్ ఆపేసింది. జరిగింది జరిగినట్టు రసజ్ఞ రాసిచ్చింది. తొందరపెట్టింది తనేనని ఉదయ్ భాస్కర్ దాని కింద రాశాడు. ఆమె ఉద్యోగం మానేసింది. మియాపూర్‌లో ఇంట్లో కూర్చుని రోజూ మధ్యాహ్నం నీలమ్మకి ఫోన్ చేసేది. పాప ఎట్లా ఉందని అడిగేది. ఉన్నదని నీలమ్మ చెప్పేది. హర్షిణితో మాట్లాడతానని ఒకసారి అడిగితే, అవతల ఫోన్ చేతులు మారబోయి ఆగింది. హర్షిణి వద్దంటున్న గొంతు దూరంగా వినిపించింది.

చివరిసారి నీలమ్మే అంది. "ఇగ ఫోన్ చెయ్యకు బిడ్డా. నువ్వు చేసినప్పుడల్ల హర్షిణి ఏడుస్తున్నది. పాప మెడ నిలిపితే నేనే చేస్త."

సరేనంది రసజ్ఞ. ఆ తరవాత ఆమె ఫోన్ చెయ్యలేదు. అటునుంచి కూడా ఇంకా రాలేదు.