అంచులు మూసిన గౌన్లు

పన్నెండు గౌన్లు. అన్నీ ఆరేళ్ల ఆడపిల్లల సైజువే. బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ వాటిని ఆమె కుట్టుమిషను మీదకు విసిరాడు.

"ఏం తల్లీ, ఇవి గౌన్లా, గోనెసంచులా? కింద అంచులన్నీ కలిపి కుట్టేస్తే పిల్లలు కాళ్లెక్కడ పెట్టుకోవాలి?"

మిషన్ల వరసంతా గొల్లున నవ్వింది. ఆమె నవ్వలేదు. దారం తనదే, మిషను తనదే. కుట్టిన గుర్తు మాత్రం లేదు. నిన్నటి మధ్యాహ్నమే ఆమె తలలో లేదు.

"నిన్న నన్ను 'అత్తా, నా పేరు బుజ్జి' అంది. నేను దీనికంటే రెండేళ్లు చిన్నదాన్ని!" అంది పక్క మిషను ఆవిడ. "దయ్యమో, నాటకమో!"

"ఇది మూడోసారి. నెలలోగా డాక్టరు కాగితం తే. లేదంటే నీ మిషను ఇంకొకరికి" అన్నాడు సూపర్‌వైజర్.

తల్లిని వెంటబెట్టుకుని, సంచిలో ఒక గౌనుతో ఆస్పత్రికి వెళ్లిందామె. అక్కడి మానసిక వైద్యురాలు ఇలా ఉన్నట్టుండి మరో మనిషిగా మారిపోయేవారి మీదే ఏళ్లుగా పరిశోధన చేస్తున్న మనిషి. మూడు వారాలు ఆమెతో మాట్లాడి, తల్లికి చెప్పడానికి ఆమె ఒప్పుకున్నాక, ఆవిడను లోపలికి పిలిచింది.

"ఇది దయ్యం కాదు, నటనా కాదమ్మా. మా పరిశోధనలో ఇలాంటివాళ్లని ఎవర్ని కదిపినా, దాదాపు అందరిదీ ఒకటే కథ. పారిపోయే దారిలేని పసిపిల్ల, 'ఇది నాకు కాదు, ఇంకో పిల్లకి జరుగుతోంది' అనుకుని బతుకుతుంది. ఆ ఇంకో పిల్ల లోపలే ఉండిపోతుంది. మీ అమ్మాయిలో ఉన్న ఆ పిల్ల పేరు బుజ్జి, వయసు ఆరేళ్లు. మీ అమ్మాయికి ఆరేళ్లప్పుడు ఏం జరిగింది?"

"ఏం జరగలేదండీ. మాది మర్యాదస్తుల ఇల్లు."

వైద్యురాలు సంచి తెరిచింది. గౌను బల్ల మీద పరిచింది.

"'అమ్మని కుట్టమంటే కొట్టింది. అందుకే నేనే కుట్టా' అని బుజ్జి చెప్పింది."

తల్లి ఆ అంచు కుట్లను వేలితో తడిమింది. ఆవిడా దర్జీ పనిచేసిన మనిషే. చాలా ఏళ్ల కిందట ఒకరోజు ఆరేళ్ల కూతురు గౌను పట్టుకొచ్చి, "అమ్మా, కింద కుట్టెయ్యవా? బాబాయి చెయ్యి పెట్టకుండా" అంది. చెంప ఛెళ్లుమంది. "ఇంకోసారి ఈ మాటన్నావంటే నాలుక కోస్తా!"

బాబాయి ఆ తర్వాత నాలుగేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పటికీ ఆదివారం వస్తే పడక్కుర్చీ ఆయనదే.

"పరువు పోతుందనుకున్నా డాక్టరుగారూ" అంది తల్లి.

"పోయిందా?"

"ఎక్కడ పోతుంది? ఆయనొస్తే ఇవాళ్టికీ అందరూ లేచి నిలబడతారు."

ఆ రోజు ఆవిడ అంతా చెప్పింది. కాగితమూ వచ్చింది. సూపర్‌వైజర్ చదివి, "అంటే పిచ్చనేగా!" అని మడిచి ఇచ్చేశాడు. మిషను ముందు అప్పటికే కొత్త మనిషి కూర్చునుంది.

ఇంట్లో తల్లి బ్లేడుతో ఆ గౌను కుట్లు విప్పబోయింది. కూతురు చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది. కళ్లు బెదురుగా ఉన్నాయి. గొంతు ఆరేళ్లది.

"విప్పకమ్మా! రేపు ఆదివారం కదా."

"రాడమ్మా. ఇక రానివ్వను" అంది తల్లి, ఇరవై రెండేళ్లు ఆలస్యంగా.

పిల్ల మొదటిసారి చెప్పినప్పుడే నమ్మండి. రెండోసారి చెప్పడానికి ఆ పిల్ల అక్కడ ఉండకపోవచ్చు.