నేను చదవని చిన్న గీత

మే నెలలో ఒకరోజు పదిన్నరకే మా నాన్న మెకానిక్ షెడ్ రేకులు కాలిపోతున్నాయి. అప్పుడు వచ్చింది క్రిస్టోఫర్ అన్న కారు. ఆయన మా చర్చికి వచ్చే మనిషే. భద్రాచలం, పర్ణశాల చూడ్డానికి వచ్చేవాళ్లను తిప్పుతుంటాడు. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఉన్న డీజిల్ కారు అది.

"అడివి రోడ్ల ఎత్తు వస్తే సాలు సుకుమారన్నా, నల్లగ పొగ. లాగుతలేదు. ఎనుకొచ్చేటోళ్లు తిట్టుకుంట పోతుండ్రు," అన్నాడు మా నాన్నతో.

"మీటర్ల లైటు వచ్చిందా?"

"వచ్చింది. పొద్దుగాల బ్యాటరీ వైరు పీకి పెట్టిన. పోయింది."

"మంచి పని చేసినవ్. జరమొస్తే థర్మామీటర్ పగలగొట్టినట్టు," అన్నాడు కాశయ్య తాత.

కాశయ్య తాత మాకు చుట్టం కాదు. కొత్తగూడెంలో బొగ్గు బావి మిషన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఆరేళ్లుగా జూలూరుపాడులో మా షెడ్‌లోనే పని. ఇంజన్ స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని వింటాడు. కారుకు తగిలిస్తే లోపమేంటో తెర మీద చూపించే స్కానర్ నాన్న పోయినేడు కొన్నాక ఆ చెవితో పని తగ్గింది. స్కానర్‌లో వచ్చేదంతా ఇంగ్లీషు కాబట్టి, సెలవుల్లో చదివి చెప్పే పని నాది.

నాన్న రేసు ఇప్పించి పొగ చూశాడు. "టర్బో పోయింది," అన్నాడు.

తాత వంగి విన్నాడు. "పోలె. టర్బో ఈల సక్కగనే ఉన్నది. లోపలికి పోయే గాలి ఎంత వేడున్నదో కొలిచే సెన్సార్ ఉంటది సూడు, దాని మీద నాకు అనుమానం. గాలి సల్లగున్నదని అది అబద్ధం చెప్తే, ఇంజన్ డీజిల్ ఎక్కువ పోస్తది. గది కాలక పొగైతది." నా వైపు తిరిగాడు. "మహిమా, గాలి వేడి ఎంత చూపెడుతుంది బిడ్డా?"

స్కానర్ తగిలించి తెర మీద ఆ వరుస వెతికాను. నలభై. దాని ముందు చిన్న అడ్డగీత. మైనస్ నలభై.

నేల వేడి చెప్పుల్లోంచి కాలుతోంది. ఇక్కడ మైనస్ నలభై ఏమిటి? అంతకు ముందు వారమే నేను ఒక మాట తప్పు చదివితే షెడ్‌లో అందరూ నవ్వారు. ఇప్పుడు ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. తెర మీద గీతలు చాలానే పడ్డాయి, ఇదీ అలాంటిదేనేమో అనుకున్నాను. గోటితో గీకి చూస్తే తెలిసిపోయేది. గీకలేదు.

"నలభై," అన్నాను.

"ఎండ ఎంతున్నదో గంతనే," అన్నాడు నాన్న. "సెన్సార్ మంచిగున్నది. నీ చెవులు బొగ్గు బాయిలనే పోయినయ్ మామా."

క్రిస్టోఫర్ అన్న పెద్దగా నవ్వాడు. తాత నవ్వలేదు. "నలభై అయితే సరే," అని చేతులు తుడుచుకున్నాడు. అన్నానికని ఇంటికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మర్నాడూ రాలేదు.

నాన్న ఖమ్మం నుంచి ఇంకో టర్బో తెప్పించి బిగించాడు. మూడో రోజు క్రిస్టోఫర్ అన్న పర్ణశాల దారిలో సగం నుంచే తిరిగొచ్చాడు. అదే పొగ.

నాన్న తల పట్టుకుని కూర్చుంటే నేనే స్కానర్ తగిలించాను. అదే గీత. ఈసారి గోటితో గీకాను. పోలేదు.

"నాన్నా, మైనస్ నలభై చూపెడుతుంది."

నాన్న సెన్సార్ ఊడదీసి, కరెంటు పారుతుందో లేదో మీటరు పెట్టి చూశాడు. లోపల తీగ తెగి ఉంది. తీగ తెగితే అంకె అలా మైనస్ నలభైకి పడిపోతుందట. కొత్తది వేయగానే పొగ ఆగింది.

"మొన్న నలభై అన్నవ్ గద?"

"ఇప్పుడే మారింది," అన్నాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ రోజు సెన్సార్ బాగానే ఉందని నమ్మిన క్రిస్టోఫర్ అన్న చర్చి బయట కాశయ్య తాత చెవులు పోయాయని చెబుతుంటే అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. ఇక ఆగలేక తాత ఇంటికి నడిచాను.

"తాతా, ఆ రోజు గూడ మైనస్సే ఉండె. నేను చెప్పలె."

ఆయన భార్య పిచ్చమ్మ లోపల్నుంచి వచ్చింది. "గా దినం సంది మీ తాత పక్కింటి కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుండు. నన్నడుగుతడు, మూడేనా, నాలుగొచ్చినయా అని."

"నువ్వూరుకో," అన్నాడు తాత. తర్వాత నాతో, "మీ నాన్నకు చెప్పినవా?"

"లేదు."

"ముందుగాల గక్కడ చెప్పాలె."

ఇంటికి వచ్చి చెప్పాను. నాన్న తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చొక్కా వేసుకుని తాత ఇంటికి వెళ్లడానికి బండి తీశాడు. గంట తర్వాత ఒక్కడే వచ్చాడు.

"వస్తడా నాన్నా?"

"చాయ్ ఇచ్చిండు. వానలు ఎప్పుడు పడతయో మాట్లాడుకున్నం."

"షెడ్‌కు రమ్మన్నవా?"

నాన్న గుమ్మంలో కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాడు. తలెత్తలేదు.

"నోరు రాలె," అన్నాడు.